జువ్వి కొమ్మ గుర్తు

పాన్‌గల్‌లో ఆ రోజుల్లో మద్దిలేటి పేరెత్తితే జనం ముందు నవ్వేవాళ్లు, ఆ తర్వాతే మాట్లాడేవాళ్లు. నవ్వక ఏం చేస్తారు? ముప్పై అయిదేళ్ల మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, జొన్నా ఆముదమూ పండించుకునే నిక్షేపమైన సంసారి, ఫాల్గుణం రాగానే తాటిమట్టలు నెత్తిన పెట్టుకుని గుట్టెక్కేవాడు. ఎక్కి, ఆ మట్టల మీద కూర్చుని కిందికి జారేవాడు. ఒక్కడే అయితే మతి చెడిందని సరిపెట్టుకునేవాళ్లు. పక్కన ఇంకొకడు కూడా ఉండేవాడు. అతను కళాయి హమీద్.

అబ్దుల్ హమీద్‌దీ మద్దిలేటి వయసే. ఊరూరా తిరిగి, వండింది చిలుమెక్కి విషం కాకుండా ఇత్తడి, రాగి గిన్నెలకు లోపల తగరం పూత వేయడం అతని పని. నేలలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో గాలి ఊది, కాలిన గిన్నెలో నవసాగరం చల్లి, లేచిన తెల్లటి పొగలోనే తగరం రుద్దేవాడు. పూతకు ముందు ఇంకో పని ఉంది. గిన్నెలో ఇసుక పోసి, అందులో నిలబడి, గోడ పట్టుకుని, నడుము తిప్పుతూ పాదాలతో తొక్కి తొక్కి పాత మకిలంతా వదలగొట్టాలి. అంచేత కళాయి చేసేవాడికి చేతులెంత ముఖ్యమో కాళ్లూ అంతే, పూత ఎక్కడా వదలకుండా చూసుకునే కళ్లూ అంతే. హమీద్ తండ్రి అబ్దుల్ మజీద్ అదే పొగలో నలభై ఏళ్లు కూర్చుని, చివరి రోజుల్లో ఎదురుగా ఉన్న మనిషిని గొంతు విని పోల్చుకునేవాడు. హమీద్ ఆ సంగతి ఎవరితోనూ అనేవాడు కాదు గానీ, ఆ భయం లోపల ఉండనే ఉంది.

ఇద్దరూ చిన్నప్పుడు బోదగుట్ట మీద మేకలు కాసినవాళ్లు. మేకలు ఎప్పుడో అమ్ముడైపోయాయి, గుట్ట మాత్రం వాళ్లను వదల్లేదు. కోట ఉన్న పెద్ద గుట్ట కాదిది. దానికి పడమటగా, చెట్టూచేమా అంతగా లేకుండా, వానల్లో నడుం ఎత్తు పెరిగి ఎండలకు వాలిపోయే బోదగడ్డితో ఉండే గుట్ట.

జారడమంటే ఏముంది, పిల్లలాట అనుకుంటారేమో, కాదు. దానికి కాలం ఉంది, వేళ ఉంది, లెక్క ఉంది. జొన్న కోతలు ముగిసి మళ్లీ నాగలి పట్టేలోగా దొరికేవి అయిదారు వారాలు. అంతకు ముందు గడ్డి పచ్చి, మట్ట కదలదు. ఆ తర్వాత కొత్త చిగురు కోసం మేకలవాళ్లు గుట్టకు నిప్పు పెడతారు, ఇక ఆ ఏటికి అయిపోయినట్టే. రోజులో కూడా అంతే. తెల్లవారుజామున బయలుదేరి ఎక్కాలి. పొద్దు పొడిచేటప్పటికి గడ్డి మీద మంచు తడి ఉంటుంది, అప్పుడు జారితే మట్ట మధ్యలో ఆగి నవ్వులపాలు చేస్తుంది. జాముపొద్దు ఎక్కాక తడి ఆరి గడ్డి నున్నగా పడుకుంటుంది. అదీ వేళ. ఇంకాస్త ఆగితే బండలు కాలి పాదం మోపనివ్వవు. రెండు వెడల్పాటి మట్టలు పక్కపక్కన పెట్టి, అంచుల్లో కరుకు చెక్కేసి, నారతో బిగించి, అడుగున ఆముదం పట్టిస్తే మట్టబండి తయారు. ఎడమ మడమ నేలలో గుచ్చితే ఎడమకు తిరుగుతుంది, కుడి మడమ గుచ్చితే కుడికి.

ఆముదం దగ్గర మద్దిలేటి భార్య జోగులమ్మకు మండేది. "దీపానికి సాలదు, పిల్లల నెత్తికి సాలదు, ఈయన గుట్టకు పూసొస్తుండు," అని వీధంతా వినబడేలా అనేది. "ఏమొస్తదయ్యా నీకు గిట్ల జారితే?"

మద్దిలేటి తల గోక్కునేవాడు. "ఏమీ రాదు."

"మరెందుకు పోతవ్?"

"ఎక్కినంక దిగాలె గద!"

అది జవాబు కాదని అతనికీ తెలుసు. ఇంటికి వస్తూ తుమ్మబంకో మోదుగుపూలో మూటగట్టుకొచ్చి, వాటి కోసమే పోయినట్టు గడప దగ్గర పెట్టేవాడు. అసలు సంగతి చెప్పాలంటే, ఏడాది పొడుగునా వంగి పనిచేసే మనిషికి చెవుల్లో గాలి హోరుమంటూ, పక్కన స్నేహితుడు "యా అల్లా!" అని కేక పెడుతుండగా రెండు వందల బారల వాలు కిందికి దూసుకుపోవడంలో ఉన్న సుఖం ఇంకెక్కడా లేదు. ఆ మాట భార్యకు చెప్పడానికి అతనికి సిగ్గు. ఇందులో సిగ్గుపడేదేముందో నాకైతే అర్థం కాదు.

ఆ వాలు సగంలో ఒక బండ ఉంది. దాని అంచు దాటితే నిలువెత్తు గొయ్యి, అడుగున రాళ్లు. పైనుంచి చూస్తే గడ్డంతా ఒకేలా ఉండి ఆ అంచు కనబడదు. దానికి ఇరవై బారల ముందే ఎడమకు తిరిగి ఒర్రెలోకి, అంటే ఎండిన వాగుపాయలోకి, దిగిపోవాలి. అందుకని ఎక్కేటప్పుడే తిరగాల్సిన చోట మోకాలెత్తు రాళ్లు పేర్చి, పైరాయికి సున్నం రాసి పెట్టేవాళ్లు. మర్నాడు వచ్చేసరికి మేకలు వాటిని తొక్కి పడేసేవి కాబట్టి ప్రతిసారీ కొత్తగా పేర్చాల్సిందే. ఒకరు గుర్తు పెడితే రెండోవాడు ముందు జారాలి. మర్నాటికి వంతు మారుతుంది. ఇద్దరికీ మీసాలు రాకముందు పెట్టుకున్న కట్టుబాటు ఇది. దాన్ని ఎన్నడూ తప్పలేదు.

పందొమ్మిది వందల ముప్పై ఏడు ఫాల్గుణంలో ఒకరోజు గుర్తు పెట్టే వంతు మద్దిలేటిది. ఆ రోజు బయలుదేరడమే ఆలస్యమైంది. ఎద్దు పలుపు తెంచుకుపోతే దాన్ని వెతికి కట్టేసి వచ్చేసరికి పొద్దు పొడిచింది. హమీద్ రెండు మట్టబండ్లూ మోసుకుని పైకి పోతున్నాడు. మద్దిలేటి గుర్తు చోట ఆగాడు. దగ్గరలో రాళ్లు లేవు, దూరం నుంచి ఏరుకురావాలి. వేళ మించిపోతుందన్న తొందరలో పక్కన ముళ్లపొద మాటున పెరిగిన జువ్వి మొక్క నుంచి గుబురైన కొమ్మ ఒకటి విరిచి నేలలో గుచ్చాడు. ఎండుగడ్డి మధ్య పచ్చగా, నిటారుగా నిలబడింది. రాళ్లకంటే ఇదే బాగా కనబడుతుంది కదా అనుకుని, తన తెలివికి తానే సంతోషపడి పైకెక్కాడు.

తీరా చూస్తే గడ్డి తడి ఇంకా ఆరనేలేదు. ఇద్దరూ గుట్ట నెత్తి మీద కూర్చుని జొన్నరొట్టె తిన్నారు. గడ్డి ఆరేదాకా ఒక చుట్ట కాల్చారు. ఆ కాస్త సేపట్లో గుట్ట వెనక వైపు నుంచి ఒక మంద ఎక్కి వచ్చింది. ఎటు దిగిపోయిందో వీళ్లు చూడనేలేదు. మేకలు తిరిగే గుట్ట మీద, అవి ప్రాణం పెట్టే జువ్వి ఆకును గుర్తుగా పెట్టిన మొనగాడు పాన్‌గల్ పరగణాలో మద్దిలేటి ఒక్కడే. అదీ పదేళ్లు మేకలు కాసినవాడు!

హమీద్ మట్ట మీద కూర్చున్నాడు. కేక పెట్టాడు. జారాడు. మద్దిలేటి పైనుంచి చూస్తూనే ఉన్నాడు. తిరగాల్సిన చోటు వచ్చింది, హమీద్ తిరగలేదు. మద్దిలేటి గొంతు చించుకుని అరిచాడు. ఆ అరుపు అందేలోపే హమీద్ బండ అంచు దాటి కనబడకుండా పోయాడు.

పరుగెత్తుకుంటూ దిగుతుంటే మద్దిలేటికి దారిలో ఆ కొమ్మ కనబడింది. కొమ్మ కాదు, కట్టె. ఒక్క ఆకు లేదు, బెరడు కూడా గీరేసి ఉంది, చుట్టూ ఇంకా తడారని మేకపెంటికలు. అప్పుడు చేశాడు మద్దిలేటి జీవితంలో చేయకూడని పని. ఆగి, ఆ కట్టెను పీకి, గడ్డిలోకి దూరంగా విసిరేసి, మళ్లీ పరుగెత్తాడు.

గొయ్యిలో హమీద్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద వంకరపోయింది. మొహం పాలిపోయి ఉంది గానీ తెలివితోనే ఉన్నాడు. మొదట అడిగిన మాట కాలి గురించి కాదు.

"గుర్తు పెట్టినవా?"

"పెట్టిన," అన్నాడు మద్దిలేటి.

హమీద్ కాసేపు ఆకాశంలోకి చూశాడు. "నాకు అగుపడలే," అన్నాడు మెల్లగా. "నా కండ్లకు అగుపడలేరా మద్దిలేటీ."

మద్దిలేటి తలపాగా విప్పి, హమీద్‌ను మట్టబండికి కట్టి, ఊరిదాకా లాక్కొచ్చాడు. దవాఖాన వనపర్తిలో ఉంది, అంతదూరం కుదుపుల్లో పోలేనన్నాడు హమీద్. ఊళ్లో ఎముకలు కట్టే పెద్దాయన కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి బిగించాడు. మూడు నెలలకు కాలు అతికింది. వేలెడు పొట్టిగా అతికింది.

ఆ ఏడాదంతా హమీద్‌కు కాళ్లు మద్దిలేటివే. చేనులో పని ముగించుకుని వచ్చి, గోచీ బిగించి, గిన్నెల్లో ఇసుక పోసి, గోడ పట్టుకుని తొక్కేవాడు. కాపు కులంలో పుట్టి కళాయి గిన్నెలు తొక్కడమేందని కొందరు మూతి విరిచారు. ఎక్కువమంది మెచ్చుకున్నారు. హమీద్ భార్య జహీరున్నీసా అయితే, "అన్నా, సొంత తోడబుట్టినోడు గూడ గింత చెయ్యడు," అని కళ్లు తుడుచుకునేది. మెచ్చుకున్నప్పుడల్లా మద్దిలేటి తల దించుకుని ఇంకా గట్టిగా తొక్కేవాడు. తిట్టినవాళ్ల దగ్గరే ప్రాణం హాయిగా ఉండేది.

కాలి బాధ అలా ఉండగా, హమీద్‌ను అసలు కుంగదీసింది కళ్ల భయం. సున్నం పూసిన రాళ్లు పట్టపగలు కనబడలేదంటే తండ్రి రోగం తనకూ వచ్చేసిందని గట్టిగా నమ్మాడు. హకీం ఇచ్చిన సుర్మా పెట్టుకున్నాడు, గులాబీ నీళ్లతో కడుక్కున్నాడు. పూత వేసిన గిన్నెను భార్య ముందు పెట్టి, "చూడు, ఏడన్న ఇడిసిపెట్టిన్నా?" అని పదిసార్లు అడిగేవాడు. ఎక్కడా వదిలిపెట్టి ఉండేవాడు కాదు. భార్య ఆ మాట చెప్పినా తనను ఊరడించడానికి అంటోందనుకునేవాడు. నమ్మకం పోయాక పొగ దగ్గర కూర్చోవడమే తగ్గించాడు.

మళ్లీ ఫాల్గుణం వచ్చింది. ఒక సాయంత్రం హమీద్ చల్లగా చెప్పాడు. "వచ్చే జుమ్మాకు మా బామ్మర్ది కొల్లాపురం నుంచి వస్తుండు. తిత్తి, పట్కార్లు అన్నీ ఆయనకు ఇచ్చేస్త. మేము గూడ ఆడికే పోతం. వాళ్లింట్ల ఓ మూలకు పడి ఉంట. గుడ్డోడు గిన్నెలకు పూతేస్తే జనం ప్రాణం మీదికొస్తది."

మద్దిలేటి లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే హమీద్‌కు కళ్లు దక్కుతాయి, తనకు హమీద్ పోతాడు. చెప్పకపోతే హమీద్ కొల్లాపురం పోతాడు, ఎలాగూ పోయినట్టే, పైగా ఉన్న చూపు లేదనుకుంటూ బతుకుతాడు. ఇంతకాలం ఈ లెక్క తెలియక కాదు. కాలు కాస్త నయమయ్యాక చెబుదాం, వానలు పడ్డాక చెబుదాం, కోతలయ్యాక చెబుదాం అని వాయిదా వేస్తూ వచ్చాడు. పిరికితనం అంతకంటే ఏం కాదు.

"జుమ్మా లోపల ఒక్కపారి గుట్టకు పోదం," అన్నాడు.

"నాకున్న కండ్లతోనా?"

"కండ్లు నేను చూసుకుంట. జర రా."

బుధవారం తెల్లవారకముందే బయలుదేరారు. హమీద్ కర్ర పొడుచుకుంటూ, ఆగి ఆగి ఎక్కాడు. ఊపిరి అందకపోయినా మొహంలో మాత్రం ఏడాదిగా లేని కళ వచ్చింది. తూరుపున వెలుగు వస్తుంటే గడ్డి మీది తడిని చేత్తో తడిమి, "ఇంక ఓ జాము పడ్తది," అన్నాడు పాత అలవాటుగా. మద్దిలేటి నెత్తి మీద ఒకే ఒక మట్టబండి ఉంది. అది హమీద్‌దే. తనది తెచ్చుకోవడానికి మనసు రాలేదు.

గుర్తు పెట్టే చోట మద్దిలేటి ఆగి, మట్టబండి దించాడు. పక్కన ఆ జువ్వి మొక్క ఇప్పుడు నడుమెత్తు పెరిగింది.

"హమీదూ, ఆ దినం నేను రాళ్లు పెట్టలే."

హమీద్ కర్ర మీద ఆనుకుని చూశాడు. "పెట్టిన అంటివి?"

"కొమ్మ పెట్టిన. ఈ జువ్విదే. తొందరల. మేకలొచ్చి తినిపోయినయ్. నువ్వు వచ్చేవరకు ఈడ ఏమీ లేదు. వట్టి పుల్ల. నీ కండ్లకేం కాలే. నా కండ్లకు గూడ అగుపడకపోతుండె."

కింద ఊళ్లో కోడి కూసింది. హమీద్ నేల వైపు చూశాడు, జువ్వి మొక్క వైపు చూశాడు, మళ్లీ మద్దిలేటి వైపు చూశాడు.

"ఆ పుల్ల ఏది మరి? ఆ దినం నువ్వు దిగేటప్పుడు ఉండి ఉండాలె గద."

"పీకి పారేసిన."

"నేను గోతిల పడి ఉంటే?"

"ఊఁ."

"మేకలు ఆకు తిన్నయ్," అన్నాడు హమీద్. "అవి నోరులేనియ్. పుల్లను నువ్వు పారేసినవ్."

హమీద్ మట్టబండిని చంకన పెట్టుకుని, కర్ర ఊనుకుంటూ ఒక్కడే పైకి పోయాడు. వెంట పోవడానికి మద్దిలేటికి ధైర్యం లేదు, కిందికి దిగిపోవడానికి మనసు లేదు. అక్కడే నిలబడ్డాడు. ఎండ ఎక్కింది. గడ్డి ఆరింది. గుట్ట నెత్తి మీద హమీద్ మట్ట మీద కూర్చోవడం చిన్నగా కనబడింది.

కేక లేదు. మట్ట గడ్డిని ఒరుసుకునే చప్పుడు మాత్రం వస్తోంది. హమీద్ సూటిగా తన మీదికే వస్తున్నాడు. గుద్దితే ఇద్దరూ కలిసి అంచు దాటుతారు. పక్కకు తప్పుకుందామని మద్దిలేటికి ఒక క్షణం అనిపించింది. తప్పుకుంటే ఇక్కడ గుర్తు మళ్లీ లేనట్టే అని కూడా అనిపించింది. కదలకుండా నిలబడ్డాడు. రెండు బారల దూరం ఉందనగా హమీద్ ఎడమ మడమను, ఆ పొట్టి కాలి మడమనే, నేలలో గుచ్చాడు. మట్టబండి గిరుక్కున ఎడమకు తిరిగి, మద్దిలేటి పంచె మీద దుమ్ము కొట్టి, ఒర్రెలోకి దిగిపోయింది. హమీద్ అతని వైపు చూడనైనా చూడలేదు.

శుక్రవారం బావమరిది వచ్చాడు, ఉత్త చేతులతో తిరిగిపోయాడు. శనివారం పొద్దున్నే పాన్‌గల్ వీధుల్లో "కళాయ్, గిన్నెలకు కళాయ్!" అని ఏడాదిగా వినబడని కేక వినబడింది. మద్దిలేటి గడపలో కూర్చుని విన్నాడు. కేక దగ్గరికి వచ్చింది, ఇంటి ముందు ఆగలేదు, దూరమైంది. అతనికి సంతోషం వేసింది, ఏడుపూ వచ్చింది.

ఎందుకు ఆగలేదని జోగులమ్మ అడిగితే అప్పుడు మొత్తం చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. ఆమె చేట కింద పెట్టి, "ఏడాది ఎట్ల దాసినవయ్యా గింత మాట?" అని మాత్రం అంది. తిట్టి ఉంటేనే బాగుండేది.

పదకొండు రోజులు అలాగే గడిచాయి. హమీద్ కుంటికాలితోనే గిన్నెలు తొక్కుకుంటున్నాడని, రాత్రికి కాలు వాచిపోతోందని, జహీరున్నీసా నూనె రాస్తోందని నీళ్ల దగ్గర అమ్మలక్కలు అనుకోగా జోగులమ్మ విని వచ్చి చెప్పింది. మద్దిలేటి రెండుసార్లు వాళ్ల ఇంటి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు.

పన్నెండో రోజు కళాయి కేక ఇంటి ముందు ఆగింది. జోగులమ్మ బయటికి వచ్చింది. హమీద్ భుజాన తిత్తి, పక్కన బండి మీద ఉరుసు కోసం వచ్చిన పెద్ద రాగి దేగిశ. మనిషి లోపల నిలబడితే తొడలదాకా మునుగుతుంది. దాన్ని తొక్కడం ఒంటికాలి పని కాదు.

"చెల్లే, ఆయన ఇంట్ల ఉన్నడా?"

"ఉన్నడన్నా."

"రమ్మను. తొక్కేదుంది."

మద్దిలేటి అప్పటికే గోచీ బిగిస్తున్నాడు. మధ్యాహ్నం దాకా తొక్కాడు. ఆ దేగిశ లోపల తల దించుకుని తిరుగుతుంటే ఇసుక మీద చెమటతో పాటు కన్నీళ్లూ పడ్డాయి, ఎవరూ చూడలేదు. హమీద్ తిత్తి ఊదుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు ఇద్దరి మధ్యా జరిగిన మాటలు, "ఇంక తొక్కాల్నా?" "తొక్కు," ఇవే. పూత అయ్యాక హమీద్ దేగిశలోకి వంగి చూసి, ఎవరినీ అడగకుండా, "బాగొచ్చింది," అని తనే అన్నాడు.

గుట్టకు ఇంకా నిప్పు పెట్టలేదు. మర్నాడు చీకటితో హమీద్ మట్టబండితో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. గుర్తు పెట్టే వంతు ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. మద్దిలేటి దూరం నుంచి రాళ్లు మోసుకొచ్చి, మోకాలెత్తున పేర్చి, పైరాయికి సున్నం రాశాడు. హమీద్ దగ్గరికి వచ్చి, ఆ రాళ్లను తన పొట్టి కాలితో ఒక తన్ను తన్నాడు. కదలలేదు. అప్పుడు పైకి నడిచాడు.

ఆ తర్వాత పదేళ్లు, ఇద్దరికీ గడ్డాలు నెరిసేదాకా, వాళ్లు ప్రతి ఫాల్గుణం ఆ గుట్టెక్కారు, జారారు, నవ్వారు, ఒకరింట్లో ఒకరు తిన్నారు. మద్దిలేటి గుర్తు పెట్టిన ప్రతిసారీ హమీద్ దాన్ని కాలితో తన్ని చూశాకే పైకి పోయేవాడు. మద్దిలేటి పక్కన నిలబడి ఆ తన్ను అయ్యేదాకా ఆగేవాడు. ఇక ఈ పరీక్ష చాలని ఒక్కసారి కూడా అనలేదు.